మట్టితో మూసిన తలుపు

మా మేనమామ చనిపోయిన సంగతి మంగళవారం పొద్దున ఆరుగంటల పది నిమిషాలకు తెలిసింది. బాబుపేట్‌లో మా పెరట్లో తను కట్టించుకున్న రెండు గదుల ఇంట్లో, మంచం మీదే. నిద్రలోనే పోయాడని డాక్టరు చెప్పాడు.

ఇలా మొదలుపెట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఊర్జానగర్‌లో కరెంటు ప్లాంటు బాయిలర్ ఫిట్టరుగా పనిచేసిన మనిషి. నేను రిపోర్టరుగా చేరిన కొత్తలో నా రాత చదివి, పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ముందుగాల ఏమైంది, ఎన్ని గంటలకైంది, గది చెప్పు అల్లుడా. ఎందుకైందో ఛాయ్ తాగినంక మాట్లాడుకుందాం."

ఆయన రిటైరయ్యేనాటికి అత్తయ్య పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. క్వార్టరు తాళాలు అప్పగించాలి. గోండ్‌పిప్రిలో తాతయ్య ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. పెరట్లో జాగా ఉంది, కట్టుకొమ్మని నాన్న అన్నాడు. అప్పటికి మా గల్లీలో సగం పెరళ్ళలో గదులు లేస్తున్నాయి. కొత్త ఫ్యాక్టరీలకు వచ్చినవాళ్ళకు కిరాయికిచ్చేవారు కొందరు, ఎస్టీడీ బూత్ పెట్టేవారు కొందరు. మామ మాత్రం తానుండటానికే కట్టాడు.

ఎండాకాలంలో పని మొదలైంది. గోడల మీద గోనెసంచులు కప్పి రోజుకు మూడుసార్లు తనే నీళ్ళు కొట్టేవాడు. ఇటుకలు ముందురోజే తడిపి పెట్టాలనేవాడు. ఎండిన ఇటుక సున్నంలో నీళ్ళూ, సిమెంట్లో నీళ్ళూ తాగేస్తుందని మిస్త్రికే చెప్పేవాడు. మిస్త్రి నవ్వి ఊరుకునేవాడు.

గొడవ తలుపు దగ్గర వచ్చింది. మా వంటింటి వైపు తలుపు ఉండాలని అమ్మ పట్టు. వెనక గల్లీలోకి తప్ప ఎటూ వద్దని మామ.

"ఏందిరా, సొంత అక్క ఇంట్లకు రోడ్డు మీదికెళ్ళి తిరిగొస్తవా? రేపు పానం బాగలేకుంటే నేనెట్ల రావాలె?"

"ఇటుదిక్కు తలుపు పెడ్తే నీకు పుట్టిల్లు ఏడుంటదక్కా? నీ వంటింట్లకెళ్ళి నీ పెరట్లకు వచ్చినట్టే ఐతది. ఆడబిడ్డ పుట్టింటికి గుమ్మం దాటి, రోడ్డు మీద నడిచి రావాలె."

"మీ పంచాయితీ తెగేలోపు కలిపిన సిమెంటు గడ్డకడ్తది," అన్నాడు నాన్న.

దారి మిస్త్రి చూపించాడు. "వంటింటి దిక్కు తలుపు చౌకట్ నిలబెడ్త. నడుమ ఇటుకలు మట్టితోని కడ్త, సిమెంట్ వద్దు. ఎన్నడు మనసైతే గన్నడు తీస్కోండ్రి."

ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ చౌకట్టు మా రేకుల చూరు కిందికి రావడంతో వాన తగల్లేదు. దసరాకు ఇల్లంతా సున్నం వేయించినప్పుడు ఆ ఒక్కచోట అమ్మ ఎర్రమట్టి పూసేది.

గోడకు అటు మామ దగ్గితే ఇటు అమ్మకు వినిపించేది. ఇటు పోపు వేస్తే అటు ఆయనకు తెలిసేది. అయినా అన్నానికి పిలిస్తే చొక్కా వేసుకుని, తన తలుపుకు గొళ్ళెం పెట్టి, వెనక గల్లీలోంచి తిరిగి మా ముందు తలుపు కొట్టేవాడు. నూట పన్నెండు అడుగులు, నేను లెక్కపెట్టాను. వానలో గొడుగు వేసుకుని వచ్చేవాడు. "ఏమన్నా, డైరెక్ట్ బస్సు దొరకలేదా?" అని పక్కింటావిడ అనేది. "రాజురాల బస్సు మారి వచ్చిన," అనేవాడు మామ.

రాఖీకి అమ్మ కొత్తచీర కట్టుకుని, పళ్ళెం పట్టుకుని ముందు తలుపులోంచి బయలుదేరేది. ఎవరైనా అడిగితే "పుట్టింటికి పోతున్న" అనేది. పుట్టింటివాళ్ళు ఆడపిల్ల ఒడిలో పోసే ఒడిబియ్యం పెట్టిన ఏడాది బియ్యం మామవి, అత్తయ్య లేదు కాబట్టి ఒడిలో పోసింది పక్కింటావిడ. కొంగులో బియ్యం మోసుకుంటూ అమ్మ ఆ నూట పన్నెండు అడుగులూ మెల్లగా నడిచింది. గల్లీ అంతా చూసింది.

మంగళవారం పొద్దున దగ్గు వినపడలేదు. అమ్మ గోడ మీద తట్టింది. నేను చుట్టూ తిరిగి వెళ్ళాను. గల్లీ తలుపుకు లోపలి నుంచి గడియ ఉంది. కిటికీకి ఇనుప చువ్వలు. తిరిగొచ్చేసరికి అమ్మ చేతిలో గడ్డపార ఉంది.

"తియ్యి," అంది.

మొదటి ఇటుక కదలడానికే కొంచెం బలం కావలసివచ్చింది. మిగతావి చేత్తో వచ్చాయి. ఒక్కటీ పగల్లేదు. నడుము ఎత్తుదాకా తీయగానే అమ్మ లోపలికి దాటింది. వంటింటి వైపు నుంచి ఆమె ఆ ఇంట్లోకి వెళ్ళడం అదే మొదటిసారి. మంచం దగ్గర నిలబడి రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. గడియారం చూశాను.

పాడెను గల్లీ తలుపులోంచే తీసుకెళ్ళాం, అమ్మ చెప్పినట్టు.

పలకరించడానికి నిన్న మిస్త్రి వచ్చాడు. ఇప్పుడు ఆయనకు కళ్ళు సరిగా కనపడవు, కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఖాళీ చౌకట్టును చేత్తో తడిమాడు.

"తలుపు పెట్టిద్దామా అక్కా? ఇగ రెండు ఇండ్లు ఒక్కటే గద."

"వద్దు, మూసెయ్యి," అంది అమ్మ.

"సిమెంట్ తోనా?"

"మట్టితోనే. రాఖీకి పుట్టింటికి పోవాలె నేను. రోడ్డు మీదికెళ్ళి పోత."

పదకొండో రోజు శుక్రవారం వస్తుంది. శనివారం పొద్దున ఎనిమిదింటికి మిస్త్రి వస్తానన్నాడు. తీసిన ఇటుకలు వంటింటి గోడ పక్కన పేర్చి ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం వాటిని తడపాలి.