ఎడమవైపు చప్పుడు

నిత్యానందానికి భయమంటే తెలియదని ఏలూరు కార్ల స్టాండులో అందరూ అనుకునేవారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా స్టీరింగు పట్టిన మనిషి. మిషన్ ఆసుపత్రి జీపు నడిపే రోజుల్లో వరద నీళ్ళలోంచి పురిటి నొప్పుల ఆడవాళ్ళను తీసుకొచ్చిన మనిషి. ఆయనకు భయమేమిటని వాళ్ళ లెక్క. వాళ్ళ లెక్క తప్పు. ఆయనంత పిరికివాడు ఆ స్టాండులో ఇంకొకడు లేడు. భయపడుతూ నడిపాడు కాబట్టే ఇన్నేళ్ళలో బండికి గీత కూడా పడలేదు.

2007 నాటికి ఆయనకు యాభై మూడేళ్ళు. భార్య పోయి ఆరేళ్ళయింది. మిగిలింది ఒక్కగానొక్క కూతురు మెర్సీ, ఒక పాత తెల్లకారు. అంతకు రెండేళ్ళ ముందు మెర్సీకి టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు ఎక్కడో తెలిసేదాకా నిత్యానందం పొంగిపోయాడు. తెలిశాక గుండెల్లో రాయి పడింది. కొల్లేరు నడిమధ్యన ఉన్న పాతలంక. ఆయన పుట్టి పెరిగింది ఆ పక్క లంకలోనే. ఆ దారి ఎలాంటిదో ఒకరు చెప్పక్కర్లేదు.

ఆఖరి ఆరు కిలోమీటర్లూ గట్టు మీదే ప్రయాణం. వెళ్ళేటప్పుడు ఎడమవైపు లోతైన చేపల చెరువు, కుడివైపు సరస్సు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. మెర్సీ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఒక సాయంత్రం, పన్నెండు మంది ఎక్కిన ఆటో ఆ గట్టు మీంచి చెరువులో పడింది. మెర్సీ అందులో లేదు, అంతకుముందు ఆటోలో వెళ్ళిపోయింది. లంకలో బేరం దింపి వెనకాల ఖాళీ కారులో వస్తున్న నిత్యానందం చొక్కా కూడా విప్పకుండా దూకాడు. నలుగురిని పైకి తెచ్చాడు. ఐదోసారి మునిగినప్పుడు ఒక చెయ్యి దొరికింది, గాజులున్న చెయ్యి. దొరికింది, జారిపోయింది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి మాత్రం మెర్సీని ఆటో ఎక్కనివ్వలేదు.

అలా మొదలైంది రోజూ ఆ ప్రయాణం. మెర్సీ ముందు సీట్లో ఎడమవైపు, తండ్రి పక్కన. వెనక అదే స్కూలుకు వెళ్ళే కామేశ్వరి టీచరు, పుష్పలత టీచరు. గట్టు ఎక్కగానే, వాన పడుతున్నా సరే, నాలుగు అద్దాలూ దింపించేవాడు నిత్యానందం.

"ఏవండీ నిత్యానందంగారూ, మమ్మల్ని స్కూలుకు తీసుకెళ్తున్నారా, స్నానానికి తీసుకెళ్తున్నారా?" అనేది కామేశ్వరి టీచరు పమిటతో మొహం తుడుచుకుంటూ.

అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. అద్దాలు ఎత్తమని మాత్రం అనేవాడు కాదు.

ఆ ఏడాది ఆగస్టులో చప్పుడు మొదలైంది. స్టీరింగు కుడికి తిప్పినప్పుడల్లా, గుంటలో పడ్డప్పుడల్లా ముందు ఎడమవైపు నుంచి టక్కుమని ఒక్క దెబ్బ. టీచర్లు కబుర్లలో ఉంటే వినపడేంతది కాదు. కానీ నిత్యానందానికి అది చెవుల్లో కాదు, కడుపులో వినపడేది. గట్టు మీద గుంటలకు తక్కువేం లేదు. అంతకుముందు ఏడాది సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు పగలగొట్టడానికి వచ్చిన పెద్ద పెద్ద యంత్రాలు ఆ దారిని దున్నేసి పోయాయి. గుంటకో టక్కు. టక్కుకో ప్రార్థన.

మెకానిక్ రఫీకి చూపించాడు. రఫీ ముప్పై ఏళ్ళవాడు, మాట తక్కువ, పని గట్టి. బానెట్ ఎత్తి, రెండు చేతులతో బండిని నొక్కి ఊపి చూశాడు.

"షాక్ అబ్సార్బరు పైన ఏదో వదులైంది బాబాయ్. నట్లు విప్పి చూడాలి. బండి వదిలెళ్ళండి."

"ఎన్నాళ్ళు?"

"విప్పితేగానీ తెలీదు. సామాను బెజవాడ నుంచి రావాలంటే వారం."

"వారం రోజులు అమ్మాయి ఎలా వెళ్తుందయ్యా?"

"ఆటోలున్నాయి కదండీ."

నిత్యానందం బానెట్ మూసేశాడు. ఆదివారం తెస్తానన్నాడు.

జబ్బుంటే బయటపడుతుందని డాక్టరు గడప తొక్కని మనుషుల్ని మనమంతా చూసినవాళ్ళమే. విప్పకపోతే అది చిన్న చప్పుడే. విప్పితే ఏ పుట్టలో ఏ పాముందో. ఆయనకు తన కారంటే భయం, ఆటో అంటే చచ్చేంత భయం. ఆ రెండింటి మధ్య మూడు వారాలు నలిగాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి.

అప్పుడు స్టాండులో ఎవరో ఒక మాట చెవిన వేశారు. తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కుర్రాళ్ళు తమ కార్లకు బానెట్ కింద ఒక రాడ్డు బిగించుకుంటున్నారట, మలుపుల్లో బండి ఊగకుండా కుదురుగా ఉంటుందట. ముందు చక్రాల షాక్ అబ్సార్బర్లు రెండూ పైకొచ్చి బానెట్ కింద రెండు రేకు గుబ్బల్లో కూర్చుంటాయి. ఈ రాడ్డు ఆ గుబ్బల్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలిపి పట్టి ఉంచుతుంది. స్ట్రట్ బార్ అంటారు. ఆ మాట వినగానే నిత్యానందానికి ప్రాణం లేచొచ్చింది. విప్పక్కర్లేదు, పైనుంచి బిగిస్తే చాలు!

ఆ ఆదివారం చర్చి నుంచి రఫీ దగ్గరికి వెళ్ళాల్సిన బండి గూడెం దారి పట్టింది.

స్టేషను రోడ్డులో కార్ల అలంకరణ సామాను అమ్మే బుచ్చిబాబు మూడు బార్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటిది అల్యూమినియం, ఎర్రగా మెరుస్తోంది, మధ్యలో రెండు చోట్ల బోల్టులతో అతుకులు.

"ఇది కుర్రాళ్ళు కొంటారండీ, బానెట్ ఎత్తి చూపించుకోవడానికి. అతుకున్న చోట అది కూడా ఊగుతుంది, మీలాంటివారికి నేనివ్వను," అన్నాడు బుచ్చిబాబు. రెండోదాన్ని ముందుకు జరిపాడు. అతుకు లేని ఉక్కు గొట్టం, రెండు చివర్లా మూడేసి బెజ్జాల పలకలు. "ఇది మీ మోడల్‌కి కొలత పెట్టి చేసింది. బానెట్‌కి తగలదు. ఇంతకంటే గట్టిది లేదండి. కాకపోతే షాక్ అబ్సార్బరు పైనున్న మూడు నట్లూ విప్పి, ఈ పలక వేసి, మళ్ళీ బిగించాలి."

"విప్పాలా?"

"విప్పాలండి."

"మరి ఇదో?" అని మూడోదాన్ని చూపించాడు నిత్యానందం.

"దీనికి నట్ల జోలికి పోనక్కర్లేదండి. గుబ్బల పక్కన రేకుకి వేరే బెజ్జాలు వేసి బిగించేస్తాం. కానీ పట్టు దానంత ఉండదు. నన్నడిగితే రెండోదే తీసుకోండి."

అమ్మేవాడే వద్దంటున్నాడు. మంచి సరుకు కళ్ళ ముందుంది. నిత్యానందం ఉక్కు బార్‌ను చేతిలోకి తీసుకున్నాడు, బరువు చూశాడు, బెజ్జాల్లో వేలు పెట్టి తిప్పాడు. ఆ బెజ్జాల్లోంచి ఆయనకు విప్పిన నట్లు కనపడ్డాయి, రఫీ షెడ్డులో వారం రోజులు నిలబడ్డ కారు కనపడింది, పన్నెండు మంది ఎక్కిన ఆటోలో అంచున కూర్చున్న మెర్సీ కనపడింది. బార్ కింద పెట్టేశాడు.

"మూడోదే బిగించండి," అన్నాడు.

అరగంటలో పని అయిపోయింది. సోమవారం గట్టు ఎక్కారు. మొదటి గుంట. చప్పుడు లేదు. రెండో గుంట. లేదు. నిత్యానందం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

మంగళవారం కూడా చప్పుడు లేదు. బుధవారానికి ఆయనకు అన్నం సయించలేదు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. చప్పుడున్నన్నాళ్ళూ ఆ వదులైనదేదో ఎక్కడుందో, ఎంత ఉందో రోజూ తనకు చెబుతూ ఉండేది. ఇప్పుడది నోరు మూసుకుంది. పోయిందా, పొంచి ఉందా? మాట్లాడే పాము కంటే మాట్లాడని పాము భయం కదా.

గురువారం ఉదయం, గట్టు మీద నాలుగో కిలోమీటరు దగ్గర, ఏ చప్పుడూ లేకుండా స్టీరింగు తనంతట తాను ఎడమకు లాగింది. అరంగుళం. అంతే. మళ్ళీ సర్దుకుంది. నిత్యానందం బ్రేకు మీద మెల్లగా కాలు నొక్కి బండి ఆపేశాడు.

"దిగండమ్మా. అందరూ దిగండి. ఇక్కణ్నుంచి నడిచి వెళ్ళండి."

"ఇదేం చోద్యం నిత్యానందంగారూ? ప్రార్థన గంట కొట్టేస్తారండీ!" అంది కామేశ్వరి టీచరు.

అప్పుడు చెప్పాడాయన, దాచకుండా. నెల రోజుల నుంచి చప్పుడుందని. రఫీ విప్పమన్నాడని. తాను విప్పించలేదని. పుష్పలత టీచరు అప్పటికే దిగి గట్టు మధ్యలో నిలబడి ఉంది. కామేశ్వరి టీచరు ఆయన కళ్ళలోకి చూసింది.

"నెల రోజులా? మాకు పిల్లలున్నారండీ," అంది.

ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మెర్సీ మాత్రం కదల్లేదు.

"దిగు తల్లీ. మెల్లగా నేనొక్కణ్నీ వెనక్కి తీసుకుపోతాను."

"మీరు ఒక్కరూ తీసుకెళ్తుంటే నేను గట్టు మీద నిలబడి చూడాలా నాన్నా? మీరు దిగితే నేను దిగుతాను."

ఇద్దరూ దిగారు. రఫీకి ఫోను చేశారు. గంటన్నరకు మోటారు సైకిలు మీద పానాల సంచితో వచ్చాడు. వచ్చీ రాగానే జాకీతో బండి ఎత్తి, ఎడమవైపు మూడు నట్లూ విప్పాడు. నట్లు విప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. నెలంతా నిత్యానందం భయపడింది ఆ రెండు నిమిషాలకు.

లోపల ఉండాల్సిన రబ్బరు దిమ్మ రఫీ చేతిలోకి ముద్దగా వచ్చింది. ఎండలో పెట్టిన మామిడి తాండ్రలా మెత్తగా, జిగటగా వేళ్ళకు అంటుకుంది.

"మీరు వేయించిన బార్ చప్పుడునే ఆపింది, ఇంకొక్క గుంట పడుంటే షాక్ అబ్సార్బరు రాడ్డు పైకి తన్నుకొచ్చేది బాబాయ్. చక్రం అడ్డం తిరిగిపోయేది," అన్నాడు రఫీ. చెరువు వైపు చూడకుండా ఉండటానికి చేతి వైపే చూస్తున్నాడు. "రబ్బరు అరుగుద్ది, పగులుద్ది. ఇలా కరగదు. ఏం పూశారు దీనికి?"

"కాలిన ఇంజనాయిలు," అన్నాడు నిత్యానందం. "తుప్పు పట్టకూడదని."

కొల్లేరు పక్క బండ్లున్నవాళ్ళు చాలామంది చేసే పనే అది. ఇక్కడి తేమ ఇనుమును ఇట్టే తినేస్తుందని వానలకు ముందు ఇంజను చుట్టూ రేకులకు పాత ఆయిలు పట్టిస్తారు. నిత్యానందం తండ్రి పడవకు తారు పూసేవాడు. కొడుకు కారుకు ఆయిలు పూశాడు.

"ఇనుముకి మంచిదే బాబాయ్. రబ్బరుకి విషం. ఆయిలు తాగి తాగి ఇది ఉబ్బి, ముద్దయిపోయింది. ఏడాదికోసారి పూస్తే ఇంత కరగదే?"

రఫీ కుడివైపు నట్లు కూడా విప్పాడు. అక్కడి రబ్బరు నల్లగా, గట్టిగా, గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉంది. రఫీ రెండు చేతుల్లో రెండు రబ్బర్లూ పట్టుకుని, ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూశాడు.

"అటువైపు పూయలేదా నాన్నా?" అని అడిగింది మెర్సీ.

"అటు ఏడాదికోసారే పూశానమ్మా. నీకు ఉద్యోగం వచ్చాక, ఇటువైపు వారం వారం పూస్తున్నాను," అన్నాడు నిత్యానందం. "అటు కూర్చునేది నేనే కదా."