మూడు ప్రశ్నలకు ఒక్క వాక్యం

ఉదయగిరిలో మా తాత అరుగు మీద కూర్చుని తగాదాలు తీర్చేవాడు. తీర్పు ఒక్కసారే చెప్పేవాడు. ఎందుకని అడిగినవాడికి ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టేవి కావు. నా కాలానికి పొలాలు లేవు, తగాదాలు తెచ్చేవాళ్లూ లేరు. ఆ అలవాటు మాత్రం నాయనకూ నాకూ చెక్కుచెదరకుండా వచ్చింది.

తొంభైల మొదట్లో నేను ఆత్మకూరులో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ, పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేసేవాణ్ణి. నా విషయం క్వాంటం థర్మోడైనమిక్స్. అప్పట్లో ఆ పేరెత్తితే మా ప్రొఫెసరే ముఖం చిట్లించేవాడు. ఒకే ఒక్క పరమాణువును ఇంజనుగా నడిపితే, అది తీసుకున్న వేడిలో ఎంత భాగం పనిగా మారుతుందన్నది నా లెక్క. నాలుగేళ్లు పట్టింది. పేపరు విదేశీ పత్రికలో అచ్చయితేనే థీసిస్ తీసుకుంటామన్నారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాటలు కొట్టించి, సమీకరణాలు నేనే పెన్నుతో నింపి పంపాను.

ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. పేపరు బాగుందట. పత్రిక తరఫున దాన్ని పరిశీలించినాయన మూడు ప్రశ్నలు అడిగాడు. మొదటిది: పరమాణువుకూ, దానికి వేడినిచ్చే పరిసరాలకూ మధ్య బంధం చాలా బలహీనమని ఎందుకు అనుకున్నారు, వివరించండి.

నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌కు చూపించాను. చిన్నప్పుడు ఉదయగిరి బడిలో ఒకే బెంచీవాళ్లం.

"మంచిదే కదరా. మూడు జవాబులు రాసి పడెయ్."

"రాయాల్సింది రాసేసినాను. చదవడం చేతగాకపోతే నేనేం చేసేది?"

"ఏందిరా నీ బింకం? ఆయనేమన్నా మీ తాత అరుగు ముందరికి తగాదాకొచ్చినాడా?"

ఆ మాటతో ఇంకా బిగుసుకున్నాను. మర్నాడు ఒక్క వాక్యం రాసి పోస్టు చేశాను: జవాబులు పేపరులోనే ఉన్నాయి, చూడండి. వాళ్లు మర్యాదగా పేపరు తిప్పి పంపారు. ఇంకో పత్రికకు పంపితే అడుక్కున్నట్టు ఉంటుందనుకున్నాను. గడువు దాటి నా పీహెచ్‌డీ రద్దయింది.

రెండేళ్ల తర్వాత, జవాబు పత్రాలు దిద్దడానికి తిరుపతి వెళ్లినప్పుడు, లైబ్రరీలో అదే ఇంజను మీద ఎవరో ఇద్దరు రాసిన పేపరు కనిపించింది. అందులో సగం పేజీలు ఆ మొదటి ప్రశ్నకే పెట్టారు. బంధం బలంగా ఉన్నచోట నా లెక్క నిలవదని తేల్చారు. నిలబడే రెండుసార్లు చదివాను. జవాబు నా పేపరులో లేదు. ఎప్పుడూ లేదు.

ఆత్మకూరు వచ్చి కెమిస్ట్రీ లెక్చరర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. నాయనకు మాత్రం, నేను చేసిన లెక్కే వేరేవాళ్ల పేరుతో అచ్చయిందని చెప్పి ఊరుకున్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆ ఆదివారం ఊరికి వెళ్లిన మేమిద్దరం తిరుగు బస్సు కోసం ఉదయగిరి బస్టాండుకు వస్తే, టీ అంగడి ముందు నాయన పదిమందికీ వినబడేలా అంటున్నాడు:

"నా కొడుకు లెక్కను దొంగిలించినారయ్యా! తెల్లోళ్లు!"

పక్కనే ఉన్న కెమిస్ట్రీ లెక్చరర్ నావైపు చూశాడు. నేను చెబుతానని చాలాసేపే చూశాడు. ఆత్మకూరు బస్సు వస్తే ఎక్కి కూర్చున్నాను.