దేవుని గుప్పెడు

మా చిన్నప్పుడు ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ ఒక గుప్పెడు వెనక్కి తీసేది... పొయ్యి పక్కనున్న మట్టి గురిగిలో వేసేది. అది దేవుని గుప్పెడు. ఆదివారం నాటికి గురిగిలో చేరిన బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తీసుకెళ్లేవాళ్లం. మా వాడలో ప్రతి ఇంటి నుంచీ అలాగే వచ్చేవి. అన్నీ కలిపి, ఆ వారం ఎవరింట్లో ఇబ్బందిగా ఉందో వాళ్లకిచ్చేవారు.

మాది మరిపెడ దగ్గర చిన్న ఊరు. అమ్మానాయినలకు అప్పటికి నేనొక్కదాన్నే.

ఈ గుప్పెడు విషయంలో అమ్మకొక పట్టింపు ఉండేది. బస్తాలోంచి తీయకూడదు. ఆ పూట వంటకని సోలతో కొలిచి చాటలో పోసిన బియ్యంలోంచే తీయాలి.

"మన నోటికాడికెల్లి తీస్తెనే అది దేవునిది. బస్తలకెల్లి ఎవలైనా తీస్తరు," అనేది.

నాకు పదేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. వాడి కోసం అమ్మ ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉందో లెక్కలేదు. కడుపుతో ఉండగానే చర్చిలో నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, దేవుడు తన మొర విన్నాడని అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పింది.

వాడు తొమ్మిది రోజులే బతికాడు.

ఆ తర్వాత అమ్మ చర్చికి రావడం మానేసింది. పాట లేదు, ప్రార్థన లేదు. ఎవరైనా ప్రార్థన కూడికకు పిలిస్తే "మిరపకాయ ఏరవోవాలె" అనేది... చేలో కాయే లేని రోజుల్లో కూడా. నాయిన ఒకసారి బతిమాలాడు.

"ఆ దేవునితోని నాకు పని లేదు. ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకున్నడు," అంది. నాయిన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ పూట అమ్మ బియ్యం కొలిచి, రాళ్లేరమని చాట నా ముందు పెట్టి పక్కకెళ్లిపోయింది. గుప్పెడు తీయలేదు. చిన్నపిల్లల భయం కదా... గురిగి ఖాళీగా ఉంటే దేవుడికి కోపమొచ్చి, ఈసారి అమ్మనే తీసుకుపోతాడేమో అనుకున్నాను. అమ్మ అటు తిరగగానే చాటలోంచి గుప్పెడు తీసి గురిగిలో వేసేశాను.

ఇక పూటపూటకూ అదే దొంగతనం. దేవుడి కోసం అమ్మను మోసం చేస్తున్నానని ఒక దిగులు... నా గుప్పెడును అమ్మ పేరున ఇస్తూ దేవుణ్ణే మోసం చేస్తున్నానని ఇంకో దిగులు. రెండు వైపులా దొంగనే!

మూడో ఆదివారమో ఏమో, పాస్టరుగారి భార్య, మేమంతా పాస్టరమ్మ అనేవాళ్లం, సంచిని చేత్తో పట్టి చూసింది.

"మీ అమ్మ గుప్పెడు గింత చిన్నగైందేంది బిడ్డా?"

అంతే, బావురుమన్నాను. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆమె కొంగుతో నా ముక్కు తుడిచి ఒక్కటే అడిగింది.

"మీ అమ్మ దేవున్ని తిడ్తదా?"

"తిడ్తది. గిన్నెలు తోముకుంట తిడ్తది."

"తిట్టనియ్యి. పరాయోళ్ల మీద ఎవలన్న అలుగుతరా? ఆమె మనసు తలుపు తీసే ఉన్నది. తిట్టుడు బంద్ జేసి ఊకున్ననాడు జెప్పు, నేనొస్త."

నాకేమీ అర్థం కాలేదు. తిట్టడమే భక్తయితే మా వాడలో సగం మంది పరలోకానికి పోవాలి కదా అనుకున్నాను.

అలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. బొంత కప్పుకుని పొయ్యికి ఎదురుగా పడుకున్నాను. అమ్మ పగటి వంటకు బియ్యం కొలిచి చాటలో పోసింది. లేద్దామంటే నాకు ఓపిక లేదు. ఈ పూట గురిగిలో ఏమీ పడదని ఏడుపొచ్చింది.

అమ్మ చాట ముందు చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత గుప్పెడు తీసింది. గురిగి మీద చెయ్యి ఆపి, పక్కింటామెతో మాట్లాడినట్టు అంది...

"నా కోపమైతే పోలే. పోతదో లేదో గూడ తెల్వది. గిదైతే తీస్కో."

గుప్పిట విప్పింది.

"అమ్మా... ఇన్ని రోజులు నేనే..." అన్నాను.

"తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"ఆఖర్ల తినేది నేనే గదనే పిల్లా. గుప్పెడు తక్కువైతే నా పళ్లెంలనే గద తక్కువైతది."

రెండు నెలలుగా నేను దొంగతనంగా తీసిందంతా అమ్మ నోటి దగ్గరిది. తెలిసీ ఒక్క పూట కూడా అడగలేదు.

"మరి నన్నెందుకు ఆపలే?"

"నా చెయ్యి లేస్తలేకుండె. నీ చెయ్యన్న లేస్తుంటె ఎట్ల ఆపుత?"

బొంత ముఖం మీదికి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చాను.

అమ్మ ఆ ఆదివారమే చర్చికి రాలేదు. దానికి ఇంకా చాలా ఆదివారాలు పట్టాయి. వచ్చాక కూడా ముందు కూర్చోలేదు, గుమ్మం పక్కనే కూర్చుంది. కానీ నాకు జ్వరమొచ్చిన ఆ రోజు నుంచే సంచి బరువు పెరిగింది. పాస్టరమ్మ సంచి పట్టుకుని చూసి, నా నెత్తి మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు నేను జనగామలో ఉంటున్నాను. కరెంటు కుక్కరు, దాంతో వచ్చిన ప్లాస్టిక్ కప్పే కొలత. చర్చి కానుక ఫోన్లోనే పంపేస్తున్నాం. ఇంట్లో ఎవరి వేళకు వాళ్లు తింటున్నాం, ఆఖరున ఎవరు తిన్నారో ఎవరికీ తెలియదు.

దేవుడితో నాకూ మాటలు ఆగిపోయిన రోజులున్నాయి. అలాంటప్పుడు కప్పులోంచి గుప్పెడు తీస్తాను... వేయడానికి గురిగి లేదు. కాసేపు పట్టుకుని, ఆ రోజు గురిగి మీద అమ్మ అన్న మాటే అని, తిరిగి కుక్కర్లోనే పోస్తాను.

మీ ఇంట్లో కూడా దేవుని గుప్పెడు తీసేవారా? ఎవరి చెయ్యి తీసేది... ఎవరి పళ్లెంలో తగ్గేది?