మా ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన నాన్న

నాన్న నేత పని చేసేవాడు. పెడనలో మా ఇంటి ముందుగదిలో గుంట మగ్గం ఉండేది. నేను విజయవాడలో ఎంబీబీఎస్ చదువుతుండగా ఒకసారి ఫోన్ చేసి, తెగిన పోగు అతుకుదామంటే బొటనవేలూ చూపుడువేలూ కలవడం లేదని చెప్పాడు. వయసు మీద పడుతోందిలే అని తనే సర్దిచెప్పుకున్నాడు. కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నాడని వెనకనుంచి అమ్మ గట్టిగా చెప్పింది.

సెలవులకు వెళ్లినప్పుడు చూశాను. కుడిచేతి బొటనవేలి పక్కనుండే కండ తరిగిపోయి అక్కడ గుంట పడింది. చొక్కా విప్పమంటే విప్పాడు. భుజం మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు సన్నగా అదురుతోంది. అవి ఏ జబ్బు లక్షణాలో, ఆ పాఠం మాకు అప్పటికే అయిపోయింది.

"ఏందమ్మా, ఏమన్నా తెలిసిందా?" అన్నాడు నాన్న, గుండీలు పెట్టుకోవడానికి అవస్థ పడుతూ.

మా కాలేజీ ఆసుపత్రికి రమ్మన్నాను. పెద్ద డాక్టర్లు చూస్తారన్నాను.

విజయవాడలోనే భవానీపురంలో ఉండే మావయ్యగారింట్లో దిగి పరీక్షలన్నీ చేయించుకున్నాడు. రిపోర్టులు వచ్చాక మా మెడిసిన్ మేడమ్ నన్ను తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. నాకు తెలిసిందే అయినా ఆవిడ నెమ్మదిగా, మొదటిసారి వింటున్నదానికి చెప్పినట్టే చెప్పారు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ముందు చేతులు, తర్వాత కాళ్లు, మాట, మింగడం, చివరికి ఊపిరి. తెలివి మాత్రం ఆఖరుదాకా ఉంటుంది. ఆపే మందు లేదు. ఆ సంగతి తెలిశాక అమ్మ, మావయ్య కలిసి ఆలోచించుకుని, నాన్నకి నరాల బలహీనత అని చెప్పారు. ఆయన నమ్మాడు.

నెలనెలా చూపించుకోవడానికి వచ్చేవాడు. మగ్గం ఆగిపోయింది. కానీ మా కాలేజీ అంటే ఆయనకు ఇష్టం పెరిగింది. మేడమ్ పాఠం చెప్పడానికి పిల్లల్ని మంచం చుట్టూ నిలబెడితే, అడక్కుండానే నాలుక చాపేవాడు. నాలుక మీద అదురు కనిపిస్తోందా అని వాళ్లనే అడిగేవాడు. మగ్గం నేయలేకపోయినా మీ చదువుకైనా పనికొస్తున్నాను అనేవాడు నాతో. అప్పటికే మాట కాస్త ముద్దగా వస్తోంది.

మా ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. యూనివర్సిటీ తరఫున వేరే కాలేజీల నుంచి ఎగ్జామినర్లు వస్తారు. ఒక్కో విద్యార్థికి ఒక్కో రోగిని ఇస్తారు. వాళ్లను పరీక్షించి, జబ్బేమిటో, ఎలా చెప్పగలుగుతున్నామో మంచం పక్కనే నిలబడి చెప్పాలి. లక్షణాలు స్పష్టంగా ఉన్న రోగులు అందుకు కావాలి. వార్డులో డాక్టర్లు అడిగితే నాన్న నాకు చెప్పకుండా ఒప్పుకున్నాడు. నేను వద్దన్నాను. మా అమ్మాయి పరీక్షకి నేను రాకపోతే ఎట్లా అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుండీలు అమ్మ పెట్టి ఉంటుంది.

నాన్న నా స్నేహితుడికి రోగిగా వచ్చాడు. కంకిపాడు దగ్గర రైతుల కుటుంబం అబ్బాయి, మొదటి ఏడాది నుంచీ ఇద్దరం కలిసి చదువుకునేవాళ్లం. నాకు ఆ పక్క మంచం మీదున్న, పొట్టలో నీరు చేరిన మనిషిని ఇచ్చారు. అందుకని అంతా నాకు వినిపించింది.

మావాడు బాగా చెప్పాడు. ఎగ్జామినర్ అడిగిన ప్రతిదానికీ తడుముకోకుండా జవాబిచ్చాడు. నాన్న వాడి వంక మురిపెంగా చూస్తున్నాడు. అప్పుడు ఎగ్జామినర్, ఈ రోగికి ఇక ముందు ఏమవుతుంది, ఎంతకాలం బతుకుతాడు అని ఇంగ్లీషులో అడిగాడు.

మావాడు నాన్న వైపు చూశాడు. బయటికి వచ్చి చెప్తాను సార్ అన్నాడు. పరీక్ష ఇక్కడే అన్నాడాయన. వాడు తల దించుకుని నిలబడ్డాడు తప్ప నోరు విప్పలేదు. ఆయన కాసేపు చూసి, ఏదో రాసుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ పొట్ట గురించి నేనేం చెప్పానో నాకు గుర్తులేదు.

పరీక్ష అయ్యాక నాన్నను ఆసుపత్రి ముందు రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చోబెట్టి ఇడ్లీ తినిపిస్తున్నాను.

"పాపం ఆ అబ్బాయి అన్నీ గడగడా చెప్పాడు. చివర్లో ఆగిపోయాడే. తెలియలేదా?" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"మరి?"

నేను ఇడ్లీ ఇంకో ముక్క తుంచాను. ఆయన నమలడం ఆపేశాడు.

"నా ఎదురుగా చెప్పేది కాదన్నమాట," అన్నాడు. "నీకూ తెలుసుగా. నువ్వు చెప్పు."

చెప్పాను. అదంతా నేను ఇంగ్లీషులో నేర్చుకున్నది. కాళ్లు ఆడవని, మాట పడిపోతుందని, ముద్ద మింగుడు పడదని ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పాల్సి వచ్చింది. చివరికి ఊపిరి ఆడదని కూడా చెప్పాను. మందు ఎక్కడా లేదా అని అడిగాడు. ఎక్కడా లేదన్నాను.

"మీ అమ్మకి తెలుసా?"

తెలుసన్నాను.

"మావయ్యకి?"

తలూపాను.

"అందరికీ తెలుసన్నమాట," అన్నాడు.

ఊరికి వెళ్లడానికి బందరు బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుని ఎదుటి సీటు వంకే చూస్తున్నాడు. బస్సు కదిలినా నా వైపు తిరగలేదు.

మళ్లీ మా కాలేజీకి రాలేదు. మాట ఇంకా పూర్తిగా పోలేదు, అయినా మాట్లాడటం మానేశాడు. నేను ఇంటికి వెళ్తే కళ్లు మూసుకునేవాడు. అమ్మతో మంచినీళ్లు అనేవాడు, అంతే. పోబోయే గొంతు ఉన్నన్నాళ్లయినా వినాలని నేను మంచం పక్కనే కూర్చునేదాన్ని. పరీక్షలో తనను చూసిన నా స్నేహితుడు వచ్చినప్పుడు మాత్రం కళ్లు తెరిచాడు. "పాసయ్యావా బాబూ?" అన్నాడు. అయ్యానండీ అని వాడు పెరట్లోకి వెళ్లిపోయాడు.

నేను హౌస్ సర్జన్సీ చేస్తుండగా నాన్నకి తిండి కోసం ముక్కులోంచి గొట్టం వేశారు. వానాకాలంలో ఒక మధ్యాహ్నం పోయాడు. అప్పుడు నేను ఇంటికి వెళ్లే బస్సులో ఉన్నాను. మావయ్య ఫోన్ చేస్తే, కిటికీ బయట నాట్లు వేస్తున్న మనుషుల్ని చూస్తూ విన్నాను. ఏడుపు రాలేదు. ఇలాగే అవుతుందని నాకు ఎప్పుడో తెలుసు. ఆ తెలియడం వల్ల ఆయనకు ఒక్క పూట కూడా మేలు జరగలేదు.

ఇప్పుడు నేను అదే కాలేజీలో పనిచేస్తున్నాను. అమ్మ పెడనలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులు. నా దగ్గరికి రమ్మంటే రాదు, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటుంది. పోయిన నెల గట్టిగా అడిగాను, నేనంటే నమ్మకం లేదా అని.

"ఆ ఆర్ఎంపీ తగ్గిపోద్దంటాడే," అంది. "నువ్వు అట్లా అనవు."

ఎక్స్‌రే అన్నా తీయిద్దాం రమ్మన్నాను. పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్లిపోయింది.