వెనక నుంచి పిలుపు

“కేకలెందుకురా? బస్సంతా వింటోంది!”

“నేనెక్కడ అరిచేను మామ్మా? మెల్లగానే కదా చెబుతున్నాను!” అని మా మనవడు మళ్లీ అరిచాడు. వాడు కొబ్బరి పీచు మిల్లులో మిషను మీద పని చేస్తాడు.

ఎదురు సీట్లో ఒకమ్మాయి కూర్చుంది. మిల్లుల్లో చప్పుడు పనివాళ్ల చెవుల్ని ఏం చేస్తోందో పరిశోధన చేస్తోందట. “మిషను దగ్గర ఎన్నేళ్లుగా చేస్తున్నారండీ?” అని వాణ్ణి మెల్లగా అడిగింది.

“ఆయ్,” అని అవునన్నట్టు తలూపి నవ్వాడు వాడు.

ఆ పిల్ల నవ్వలేదు. “మామ్మగారూ, ఈయనకి మాట వినబడట్లేదండీ. మన పెదాలు చూసి ఆయ్ అంటున్నారు,” అని ముమ్మిడివరంలో దిగిపోయింది.

ఆ ఆయ్‌ని ఇన్నాళ్లూ మర్యాద అనుకున్నాను.

బయల్దేరేవాణ్ణి వెనక నుంచి పిలిస్తే మా ఇంట్లో నేనే తిడతాను. మర్నాడు పొద్దున్న వాడు సైకిలెక్కుతుంటే నేనే వెనక నుంచి, “నాన్నా,” అని పిలిచాను. మళ్లీ పిలిచాను. వాడు తిరగకుండా మిల్లుకు వెళ్లిపోయాడు.