సామేలన్న చూడని సముద్రం

మొన్న మా వీధిలోకి పరుపులు కుట్టేవాడు వచ్చాడు. వాకిట్లో కూర్చుని మా పాత దిండు చించి దూది ఏకుతుంటే పీచు లేచి నా ముక్కులోకి దూరింది. తుమ్ములే తుమ్ములు. తలుపు వేసుకుని లోపలికి రమ్మని మా ఆవిడ కేకలు వేస్తున్నా నేను కుర్చీ కదపలేదు. ఆ దూది వాసన తగిలితే చాలు, నాకు సామేలన్న కళ్ళ ముందుకొస్తాడు. ఆయన కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి పీచు అంటుకుని ఉండేది. చూసినవాళ్ళు పెద్ద వయసు మనిషే అనుకునేవారు. తువ్వాలుతో ఒకసారి దులుపుకుంటే నలభై ఏళ్ళవాడు బయటపడేవాడు.

పందొమ్మిది వందల యాభైల నాటి మాట. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో సామేలన్న హమాలీ మేస్త్రీ. వాళ్ళది గూడూరు వైపు నుంచి కూలికొచ్చి నిలబడిపోయిన కుటుంబం. నేను ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటినుంచి వచ్చి ఆదోని మిషన్ బడిలో అయివారుగా చేరినవాణ్ణి. జీతం అంతంతమాత్రం, ఇంగ్లీషు వచ్చునన్న గర్వం మాత్రం దండిగా ఉండేది. పొద్దున ఫ్యాక్టరీ కూత వేయకముందే పత్తి నింపిన బోరాల పక్కన ఎనిమిది మంది హమాలీలు ప్రార్థనకు నిలబడేవారు. వాళ్ళకు చదువు రాదు కనుక వాక్యం నేను చదివిపెట్టేవాణ్ణి. ఒకనాడు ‘ప్రోత్సాహం’ అన్న మాట వచ్చింది. నేను అర్థం చెప్పబోయి తడబడుతుంటే సామేలన్న అందుకున్నాడు.

“ఏముండాదప్పా దాంట్లో? బోరం ఎత్తుకున్నోడు లేయలేక కిందామీదా పడతాంటాడు. పక్కనోడొచ్చి ఓ సెయ్యేస్తాడు. మోసేది వాడే. సెయ్యేసినోడు మోయడు. కానీ ఆ సెయ్యి పడకుంటే వాడు లేయడు.” ఇంత చదువుకున్న నాకు అంత తేలిగ్గా చెప్పడం రాలేదని ఆ రోజంతా లోపల ఉక్రోషంగానే ఉంది.

సిలోను నుంచి మా బడికి ఒక క్రైస్తవ పత్రిక వచ్చేది. పనిచోట కూడి ప్రార్థించుకునేవాళ్ళు తమ సంగతులు రాసి పంపమని అందులో అడిగారు. సామేలన్నతో చెబితే సంబరపడ్డాడు. “రాయి అయివారూ. పత్తి పని సేసుకుంటాండాము, పొద్దున్నే దేవుని దగ్గర నిలబడతాండామని రాయి” అన్నాడు. నేను ఆయన పేరుతో ఇంగ్లీషులో ‘మేము పత్తి బిజినెస్‌లో ఉన్నాము’ అని రాశాను. పనికీ బిజినెస్‌కీ తేడా తెలియక రాశానా, ఆ మాట పడితే ఉత్తరానికి ఠీవి వస్తుందని రాశానా? ఇన్నేళ్ళయినా నాకే తెలియదు.

రెండు నెలలకు కొలంబో నుంచి జవాబు వచ్చింది. అక్కడ క్రైస్తవ వ్యాపారులు సహవాసాలుగా ఏర్పడి ప్రార్థించుకునేవారట, ఈమధ్య అవి చల్లబడ్డాయట. పత్తి వ్యాపారి అయిన సహోదరుడు, అంటే మా సామేలన్న, వచ్చి కొలంబోలో, కాండీలో రెండు కూటాలలో మాట్లాడి వాళ్ళను ప్రోత్సహించాలట. దారిఖర్చులన్నీ వాళ్ళవే, తర్జుమాకు నన్నూ వెంట రమ్మన్నారు. తప్పు దిద్దడానికి ఒక్క కార్డు ముక్క చాలు. కానీ నేను అప్పటికి సముద్రం చూసినవాణ్ణి కాదు. సామేలన్నకు ఉత్తరం చదివి తెలుగులో చెబుతూ, వ్యాపారులు అన్న చోటల్లా ‘పని చేసుకునే మనవాళ్ళు’ అన్నాను. అటువాళ్ళకొక అబద్ధం, ఇటువాళ్ళకొక అబద్ధం.

“బిజినెస్సు, బిజినెస్సు అని సదివితివే, అదేందప్పా?” అన్నాడు.

“పనేలే అన్నా.”

ఆయన నా ముఖం వంక కాసేపు చూసి, “ఔనా” అని లేచిపోయాడు.

కాగితాలకోసం నానా తిప్పలు పడి చివరికి ధనుష్కోటిలో ఓడ ఎక్కాము. నేను నోరు తెరుచుకుని ఓడ అంచున కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. సామేలన్న మా రేకుపెట్టె మీద కూర్చుని తలనిండా తువ్వాలు కప్పుకున్నాడు. “అన్నా, లేచి సూడన్నా, సముద్రం!” అని కుదిపాను. “నీళ్ళే గదప్పా. సూసేదానికేముండాది?” అన్నాడు తువ్వాలులోంచే. ఒడ్డు చేరేదాకా అది తీయలేదు.

ఓడ దిగి రైలులో కొలంబో చేరితే, కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు కారు తెచ్చారు. సామేలన్న ముతక పంచె, తలగుడ్డ చూసి, అంత వ్యాపారికి ఎంత నిరాడంబరత అని మురిసిపోయారు. భోజనాల దగ్గర వాళ్ళ పెద్ద, తేయాకు వ్యాపారి, రోజుకు ఎన్ని పత్తి బేళ్ళు మీ చేతుల మీదుగా పోతాయని అడిగాడు. “పత్తి దిగే కాలమైతే వంద దాటతాయప్పా, నడుములు ఇరగతాయి” అన్నాడు సామేలన్న. నేను మొదటి సగమే ఇంగ్లీషులో చెప్పాను. అందరూ కళ్ళింత చేసుకుని ఆయనతో చెయ్యి కలపడానికి ఎగబడ్డారు.

గదిలోకి రాగానే ఆయన తన అరచేతులు చూసుకుంటూ, “అయివారూ, ఈళ్ళ సేతులు ఎన్నపూస మాదిరుండాయి. మోసేటోళ్ళు కాదు. ఏం రాసినావు నువ్వు?” అన్నాడు. అంతా కక్కేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ సంగతి మిషన్‌కు తెలిస్తే నా ఉద్యోగం పోతుందని ఏడ్చాను కూడా. ఆయన తిట్టలేదు. “రేపు నేను సెప్పింది సెప్పినట్టు సెప్పు. ఒక మాట కలపొద్దు, ఒక మాట ఇడవొద్దు” అన్నాడంతే.

మర్నాడు కూటంలో లేచి నిలబడి, “నేను యాపారిని కాదు. హమాలీని. మూటలు మోస్తాను” అన్నాడు. నేను చెప్పాను. తరువాతి మాట నా పేరేనని నాకు తెలుసు.

“తప్పు రాసింది ఈ అయివారు. అయితే అది తప్పని నాకు ముందే అనుమానముండె. బిజినెస్సంటే సేట్లు సేసేదని ఆదోనిలో బతికినోనికి తెల్దా? తెలిసే ఊరకుండినాను. సముద్రం సూడల్లని నాకు ఆశ. సగం తప్పు నాది.”

నేను తర్జుమా చేయకుండా ఆయన వైపు తిరిగాను. “సెప్పప్పా” అన్నాడు మెల్లగా. చెప్పాను.

ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వెనక ఎవరో నవ్వారు. వానల వంక చెప్పి కాండీ కూటం రద్దు చేశారు. తిరుగు రైలు దగ్గరికి తేయాకు వ్యాపారి ఒక్కడే వచ్చి, సామేలన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. మేము వాళ్ళను ప్రోత్సహించామో, నవ్వులపాలయ్యామో నాకు అంతు పట్టలేదు. మిషన్‌కు మాత్రం ఎవరూ ఏ ఉత్తరమూ రాయలేదు.

తిరుగు ఓడలో నేను కమ్మీ దగ్గరికి పోలేదు. ఆయన పక్కనే కూర్చుని చూస్తున్నాను, సముద్రం మీద అంత ఆశ ఉన్న మనిషి ఒక్కసారైనా తల తిప్పుతాడేమోనని. ఆయన తువ్వాలు కప్పుకుని హాయిగా గురకపెట్టాడు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. నిన్న కూటంలో ఈయన చెప్పింది నిజమేనా? నా కోసం ప్రార్థన కూటంలో నిలబడి అబద్ధమాడాడా? ఆ అబద్ధాన్ని కూడా నా నోటితోనే చెప్పించాడా?

ఆయన పోయేవరకూ వారం వారం కలుస్తూనే ఉన్నాము. అడగాలని నోటిదాకా వచ్చేది. ఔనంటే ఒక భయం, కాదంటే ఇంకో భయం. బడిలో ఏ పిల్లవాడైనా తప్పు చేసి తలదించుకుని నిలబడితే, “నేనూ సరిగా చెప్పలేదులేరా, సగం నాది” అనడం నాకు అలవాటైపోయింది. అది ప్రతిసారీ నిజమేమీ కాదు. పిల్లవాడు తల ఎత్తేవాడు. నా తప్పు మాత్రం మొత్తం నా దగ్గరే ఉంది. సెయ్యేసినోడు మోయడని ఆయన ముందే చెప్పాడు కదా.

పరుపులవాడు దిండు కుట్టిచ్చి పోయాడు. కనుబొమల నిండా పీచేనంటూ మా ఆవిడ కొంగుతో దులపబోయింది. కాసేపు ఉండనివ్వమన్నాను.