పిల్లలనుకుని పారబోసినవి

పుంగనూరులో మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. మేత వేసేటప్పుడు తట్టలో ఎదగని పురుగు కనబడితే అమ్మ ఊరుకునేది కాదు. "యాల సూస్తా ఉండావు? సన్నవి ఏరి పారెయ్. వాటికి రోగమొస్తే తట్టంతా పోతాది" అనేది. అలా ఏరడంలో నా చెయ్యి తిరిగింది. దాంతోపాటు పొగరూ వచ్చింది, అబద్ధమెందుకు?

తొంభైల్లో మదనపల్లెలో డిగ్రీ చదువుతుండగా మా జువాలజీ మేడం ఒక సీసా తెచ్చారు. సముద్రం అట్టడుగు నుంచి తీసిన బురద, స్పిరిట్ పోసి నిలవ ఉంచింది. ఓడ మీద పనిచేసే స్నేహితురాలిని బతిమాలి తెప్పించుకున్నారట. అందులో రొయ్యల, పీతల జాతికి చెందిన చిన్న జీవులుంటాయి. ఎన్ని రకాలున్నాయో తేలిస్తేనే మేడం పీహెచ్‌డీ ముందుకు సాగుతుంది. "నీ చెయ్యి నిదానంగా ఉండాదమ్మా, నువ్వే ఏరు" అన్నారు. ఉబ్బిపోయాను.

భూతద్దం కింద పెట్టి కుంచెతో ఏరాను. బియ్యపు గింజంతవి రెండు రకాలు దొరికాయి. ఒకటి పక్కలకు నొక్కేసినట్టుంది, ఇంకొకటి బల్లపరుపుగా ఉంది. మిగతావన్నీ నువ్వుగింజలో సగమైనా లేవు. వీటి పిల్లలే, ఎదగనివి, ఎందుకివి అనుకున్నాను. ఒక్కమాట అడగొచ్చుగా? అబ్బే, నాకు తెలియనిదేముంది! సింకులో పారబోసి నీళ్లు వదిలాను.

మర్నాడు మేడం నా గాజుపళ్లెం చూసి, "సన్నవి యాడ పెట్టినావు?" అన్నారు. "సూసేదానికి పిల్లల మాదిరి ఉంటాయి గానీ కాదమ్మా, అంతకంటే ఎదగవు. కాళ్లు, మీసాలు సూస్తే ఒక్కోటి ఒక్కో రకం. నాకు కావాల్సింది అవే."

"సీసాలో సన్నవేవీ లేవు మేడం" అన్నాను.

అదే బురద ఇంకో సీసాలో వేరే ఊరికి వెళ్లింది. అక్కడివాళ్లకు డజన్లకొద్దీ రకాలు దొరికాయని తెలిసింది. కొన్నాళ్లకు మేడం పీహెచ్‌డీ మానుకున్నారు. ఆమె ఎదురైతే నేను వరండా మారేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక, కుప్పం బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టి పలకరించారు. ఆ సీసా ప్రస్తావన కూడా ఆమే తెచ్చారు.

"స్పిరిట్ నేనే తక్కువ పోసినట్టుండాను. సన్నవన్నీ కుళ్లిపోయినాయి. పాపం, నువ్వెంత ఓపిగ్గా ఏరినావో! నీ కష్టం కూడా నావల్లే మట్టిపాలైంది."

చెప్పెయ్యవే పాపిష్టిదానా, అని లోపల నన్ను నేనే తిట్టుకున్నాను. నోరు తెరిచాను.

"పోనీలెండి మేడం" అన్నాను.